నారింజ రంగు ఉభయచరానికి జాతి ఉంటుందా? ఒక సైన్స్ ఫిక్షన్ సినిమా మీద పాతికేళ్లుగా నడుస్తున్న వాదన

1999 జులైలో బీబీసీ న్యూస్‌నైట్ కార్యక్రమంలో హాలీవుడ్ దర్శకుడు జార్జ్ లూకస్‌ని ఒక ప్రశ్న అడిగారు. అంతకు రెండు నెలల ముందు, మే 19న, ఆయన తీసిన ‘స్టార్ వార్స్: ది ఫాంటమ్ మెనేస్’ విడుదలైంది. 16 ఏళ్ల విరామం తర్వాత వచ్చిన స్టార్ వార్స్ సినిమా కావడంతో జనం థియేటర్ల ముందు రాత్రంతా క్యూ కట్టారు. కానీ అందులోని జార్ జార్ బింక్స్ అనే పాత్ర కరీబియన్ నల్లజాతివాళ్లని వెక్కిరిస్తున్నట్టు ఉందని పత్రికల్లో విమర్శలు వచ్చాయి. దానికి మీరేమంటారని అడిగితే లూకస్ గట్టిగానే జవాబిచ్చారు. నారింజ రంగులో ఉన్న ఒక ఉభయచర జీవిని పట్టుకుని జమైకా మనిషి అని ఎలా అంటారు, ఇది బొత్తిగా అర్థం లేని మాట అన్నారు.

2024 మేలో, 25 ఏళ్లు నిండిన సందర్భంగా ఆ సినిమా మళ్లీ థియేటర్లకి వచ్చింది. 1999 నాటికి పుట్టని పిల్లలు కూడా ఇప్పుడు దాన్ని చూసి అదే ప్రశ్న అడుగుతున్నారు. లూకస్ జవాబు సరిపోతుందని కొందరంటారు, సరిపోదని కొందరంటారు. నా మటుకు నాకు అసలు చిక్కు ఇంకొకచోట ఉందనిపిస్తుంది. విమర్శకులు అడిగింది ఒక ప్రశ్న, సినిమావాళ్లు జవాబు చెప్పింది ఇంకో ప్రశ్నకి. అందుకే ఇన్నేళ్లయినా ఈ వాదన తెగడం లేదు.

ఒకే పేరుతో రెండు ఆరోపణలు

‘ఈ సినిమా జాతి వివక్షతో ఉంది’ అని ఎవరైనా అన్నప్పుడు అందులో రెండు వేరువేరు ఆరోపణలు కలిసిపోయి ఉంటాయి. మొదటిది తీసినవాళ్ల మనసు గురించి. అంటే వాళ్లకి ఫలానా జాతి మీద ద్వేషమో చిన్నచూపో ఉంది, దాన్ని కావాలనే తెరమీద చూపించారు అని. రెండోది సినిమా గురించి. తీసినవాళ్ల మనసు ఎంత మంచిదైనా, పాత మూస ఒకటి ఆ పాత్రలోకి వచ్చి చేరింది అని.

మూస ఎలా తయారవుతుందో ఒకసారి చూద్దాం. ముందు ఒక సమూహం మొత్తానికి ఒకే గుణం అంటగడతారు. వీళ్లు బద్ధకస్తులు, వాళ్లు డబ్బు మనుషులు, ఇంకొకళ్లు నమ్మదగనివాళ్లు అంటూ. తర్వాత ఆ గుణానికి గుర్తుగా కొన్ని పైపై లక్షణాలు స్థిరపడతాయి. మాట తీరు, నడక, ముక్కు ఆకారం, బట్టలు. ఏళ్ల తరబడి రెండూ కలిపి చూపించాక, గుణం పేరెత్తాల్సిన పనే ఉండదు. లక్షణం కనిపిస్తే చాలు, ప్రేక్షకుడి మనసులో గుణం దానంతట అదే మెదులుతుంది.

1999లో వచ్చిన విమర్శల్లో బలమైనవన్నీ ఈ రెండో రకానివి. లూకస్ జవాబు చెప్పింది మాత్రం మొదటి రకానికి.

మూడు పాత్రలు, మూడు పాత నీడలు

జార్ జార్ బింక్స్ గంగన్ అనే జాతికి చెందినవాడు. చిత్తడి నేలల అడుగున, నీళ్లలో కట్టుకున్న నగరంలో ఉంటారు వాళ్లు. పొడుగాటి చెవులు భుజాల మీద వేలాడుతుంటాయి. కాళ్లు తడబడుతూ నడుస్తాడు, ముట్టుకున్నదల్లా పడేస్తాడు, ప్రమాదం కనపడితే వణికిపోతాడు. మాట్లాడేది ఇంగ్లీషే, కానీ ‘నేను’ అనడానికి ‘మీసా’ అంటాడు, ‘నువ్వు’ అనడానికి ‘యూసా’ అంటాడు.

అమెరికన్ ప్రేక్షకుల్లో కొందరికి ఇది వినగానే మిన్‌స్ట్రెల్ ప్రదర్శనలు గుర్తొచ్చాయి. 19వ శతాబ్దంలో తెల్ల నటులు మొహానికి నల్ల రంగు పూసుకుని, నల్లజాతి మనిషి అంటే ఇలాగే వంకరగా మాట్లాడతాడు, ఇలాగే తూలుతూ నడుస్తాడు, పిరికివాడు అని ఆడి చూపించేవాళ్లు. జనం విరగబడి నవ్వేవారు. 1830లలో థామస్ రైస్ అనే నటుడు వేసిన జిమ్ క్రో అనే వేషానికి ఎంత పేరొచ్చిందంటే, తర్వాత దక్షిణ రాష్ట్రాల్లో నల్లవాళ్లని వేరుగా ఉంచిన చట్టాలకే ఆ పేరు స్థిరపడింది. సినిమాలు వచ్చాక ఆ మూస తెరమీదకి ఎక్కింది. 1930లలో లింకన్ పెర్రీ అనే నల్లజాతి నటుడు ‘స్టెపిన్ ఫెచిట్’ పేరుతో, ప్రపంచంలోకెల్లా బద్ధకస్తుడన్న ముద్రతో ధనవంతుడయ్యాడు. వాల్ స్ట్రీట్ జర్నల్‌లో సమీక్ష రాసిన జో మోర్గెన్‌స్టెర్న్ జార్ జార్‌ని ఆ స్టెపిన్ ఫెచిట్‌తోనే పోల్చారు. కొలంబియా యూనివర్సిటీలో లా ప్రొఫెసర్‌గా ఉన్న పట్రీషియా విలియమ్స్ ‘ది నేషన్’ పత్రికలో ఇంకా లోతుగా రాశారు. మొహాలు కనిపించకపోయినా, గొంతుల్లో జాతి వినిపిస్తోందన్నది ఆమె వాదన సారం.

రెండో పాత్ర వాటో. చిన్న రెక్కలతో గాల్లో ఎగురుతూ, పాత సామాన్ల కొట్టు నడిపే వ్యాపారి. వంకీ తిరిగిన పెద్ద ముక్కు, గరుకు గొంతు, జూదం, డబ్బు తప్ప ఇంకో ధ్యాస లేదు. ఒక తల్లినీ కొడుకునీ బానిసలుగా ఉంచుకున్నాడు. ఐరోపాలో యూదులని ఎగతాళి చేస్తూ వందల ఏళ్లు గీసిన బొమ్మల్లో ముక్కుకీ డబ్బు ఆశకీ ఇదే జోడీ కనిపిస్తుంది. క్రైస్తవులు వడ్డీకి అప్పివ్వకూడదని చర్చి నిషేధించిన కాలంలో, చేతివృత్తుల సంఘాల్లోకి యూదులని రానివ్వని చోట్ల, వడ్డీ వ్యాపారం వాళ్లకి మిగిలిన కొద్ది పనుల్లో ఒకటయింది. ఆ తర్వాత అదే వాళ్ల పుట్టుగుణం అన్నారు. 20వ శతాబ్దంలో నాజీలు ఆ బొమ్మని ఎక్కడిదాకా తీసుకెళ్లారో మనకి తెలుసు.

మూడోది నూట్ గన్‌రే, ఒక వర్తక కూటమికి పెద్ద. పొడుగాటి పట్టు అంగీలు, పెద్ద కిరీటం, తూర్పు ఆసియావాళ్ల ఇంగ్లీషుని తలపించే యాస, పైకి కుట్రలు, లోపల పిరికితనం. జపాన్ వస్తువులు తమ మార్కెట్లని ముంచేస్తాయని 1980లలో అమెరికాలో ఒక భయం ఉండేది. ఆ కాలం తెలిసినవాళ్లకి ఈ పాత్ర అది గుర్తుచేసింది.

కల్పిత లోకం అన్న సమాధానం ఎంతవరకు నిలుస్తుంది?

లూకస్ సంస్థ తరఫున మాట్లాడినవాళ్లు చెప్పింది ఇది. ఈ కథ ఎక్కడో దూరంలో ఉన్న నక్షత్ర మండలంలో జరుగుతుంది, దాన్ని ఇవాళ్టి లోకానికి ముడిపెట్టి ముక్కలు ముక్కలుగా విడదీసి చూడడం అర్థం లేని పని.

ఇందులో కొంత నిజం ఉంది. ప్రతి గ్రహాంతర జీవి వెనకా ఒక మానవ జాతిని వెతకడం మొదలుపెడితే ఊహకి చోటే ఉండదు. కానీ ఊహ కూడా ఎక్కడో ఒకచోటి నుంచి సరుకు తెచ్చుకోవాలి. కొత్త జీవికి గొంతు కావాలి, నడక కావాలి, బట్టలు కావాలి. అవి మనుషుల లోకం నుంచే వస్తాయి. అందుకని అడగాల్సింది పాత్ర మనిషా కాదా అని కాదు. ఏ సరుకు తెచ్చారు, దాన్ని కథలో ఏ పనికి వాడారు అని.

అదే సినిమా వరసలోని యోడా అనే గురువుని తీసుకుందాం. అతని ఇంగ్లీషు జార్ జార్ ఇంగ్లీషు కన్నా వింతగా ఉంటుంది. కర్త, కర్మ, క్రియ తలకిందులవుతాయి. మొహం కూడా మనిషిది కాదు. అయినా యోడా మాట తీరు ఒక జాతిని అవమానిస్తోందన్న గొడవ ఆ స్థాయిలో ఎప్పుడూ రాలేదు. ఎందుకంటే, మొదటి సంగతి, అలా మాట్లాడతారని ఎవరి మీదా లోకంలో ఎగతాళి లేదు. రెండో సంగతి, ఆ మాట తీరుని వివేకానికి జతచేశారు. జార్ జార్ విషయంలో రెండూ తిరగబడ్డాయి. ఆ మాట తీరు కరీబియన్ ఇంగ్లీషుకి దగ్గరగా వినిపించింది. దాన్ని తెలివితక్కువతనానికీ పిరికితనానికీ జతచేశారు.

ఒక్కో లక్షణాన్నీ తీసేసి చూసినా ఇది తెలుస్తుంది. జార్ జార్ చెవులు పొట్టిగా చేస్తే ఆరోపణ పెద్దగా తగ్గదు. మాట తీరు మార్చేస్తే మాత్రం మిగిలేది పడుతూ లేస్తూ నవ్వించే పాత్ర మాత్రమే. మూకీ సినిమాల నాటి హాస్యం అది. ఆరోపణ బరువంతా గొంతు మీదే ఉంది.

ఇంగ్లీషు యాసల తేడాలు చెవికెక్కని మనకి ఇది కొంచెం దూరంగా అనిపించవచ్చు. సబ్‌టైటిల్స్ చదువుతూ చూస్తే జార్ జార్ ఒక గందరగోళపు జంతువు, అంతే. కానీ యాసతో ఏం చేయవచ్చో తెలుగువాళ్లకి చెప్పక్కర్లేదు. దశాబ్దాల పాటు తెలుగు సినిమాల్లో హీరో కోస్తా భాష మాట్లాడేవాడు, తెలంగాణ యాస రౌడీకో హాస్యగాడికో దక్కేది. ఆ సినిమాలు తీసినవాళ్లలో చాలామందికి తెలంగాణ మీద ద్వేషం ఉండి ఉండదు, నవ్వు పుడుతుందని పెట్టి ఉంటారు. అయినా థియేటర్లో కూర్చున్న తెలంగాణ పిల్లవాడికి తన ఇంట్లో మాట్లాడే భాష వినపడగానే పక్కవాళ్లు నవ్వడం తెలిసేది. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంలో ఈ బాధ గట్టిగా వినిపించిందంటే కారణం అదే. అక్కడ ‘మా ఉద్దేశం అది కాదు’ అన్న మాట ఎంత పలచగా వినిపించేదో, జమైకా నుంచి వచ్చి న్యూయార్క్‌లో స్థిరపడిన కుటుంబానికి లూకస్ మాట అంతే పలచగా వినిపించి ఉంటుంది.

లూకస్ వైపు నుంచి చూస్తే

ఆయన పక్షాన చెప్పుకోవాల్సినవి గట్టివే ఉన్నాయి, వాటిని తేలిగ్గా తీసేయకూడదు.

జార్ జార్‌కి తన ప్రేరణ గూఫీ అని లూకస్ చెప్పుకున్నారు. డిస్నీ కార్టూన్లలో తడబడుతూ తిరిగే కుక్క అది. ఆ పాత్ర వేసిన ఆమెద్ బెస్ట్ స్వయంగా నల్లజాతి నటుడు. బస్టర్ కీటన్ లాంటి మూకీ హాస్యనటుల శరీర భాష నుంచి తాను నేర్చుకున్నానని ఆయన చెప్పారు. నడకలో, గొంతులో ఆయన సొంత కల్పన చాలా ఉంది. ఇదే సినిమాలో జెడై అనే వీరుల మండలిలో పెద్ద స్థానంలో ఉన్న మేస్ విండూగా శామ్యూల్ జాక్సన్ నటించారు. రాణి అంగరక్షక దళానికి నాయకుడిగా హ్యూ క్వార్షీ ఉన్నారు. ఇద్దరూ నల్లజాతి నటులే.

కథ కూడా ఒకరకంగా జాతి చిన్నచూపుని ఎదిరించే కథే. నబూ గ్రహం మీద మనుషులకీ గంగన్‌లకీ పడదు. మనుషులు తమని తక్కువగా చూస్తారని గంగన్ రాజు కోపం. చివరికి నబూ రాణి ఆ రాజు ముందు మోకాళ్ల మీద కూర్చుని సాయం అడుగుతుంది. తక్కువగా చూసిన జాతి ముందు పాలకులు తలవంచే దృశ్యం అది. పిల్లల సినిమాలో అలాంటి దృశ్యం పెట్టిన మనిషిని జాత్యహంకారి అనడం అన్యాయం.

అయితే ఆ తర్వాత జరిగేది కూడా చూడాలి. గంగన్ సైన్యం బయటి మైదానంలో యంత్ర సైనికులతో పోరాడుతుంది. ఆ పోరాటం అసలు యుద్ధం కాదు. శత్రువు దృష్టి మళ్లించడానికి, ఈలోగా మనుషులు రాజభవనంలోకి చొరబడడానికి. గంగన్‌లు ఎర, మనుషులు విజేతలు. సేనాధిపతి అయిన జార్ జార్ యుద్ధంలో సాధించినదంతా కాలు జారి, చెయ్యి తగిలి సాధించినదే. ఒకే సినిమా పైకి చెప్పే మాట ఒకటీ, దాని కథ నడిచే తీరు ఇంకొకటీ అవుతాయి. మంచి ఉద్దేశం ఉన్నంత మాత్రాన మూస రాకుండా పోదని నేననడానికి ఇదే కారణం. మూస కుట్ర వల్లే రానక్కర్లేదు. చిన్నప్పటి నుంచి చూసిన సినిమాలు, కార్టూన్లు, వాటిలో ‘ఇలా చేస్తే నవ్వొస్తుంది’ అని అలవాటైన కొలతలు చాలు. గూఫీ, మూకీ హాస్యం కూడా అదే అమెరికన్ వినోద రంగంలో పెరిగినవి. మిన్‌స్ట్రెల్ వేదికలూ ఆ రంగంలోవే.

విమర్శకులు ఎక్కడ తడబడ్డారు?

వాటోని యూదు మూస అని కొందరంటే, అరబ్బు మూస అని ఇంకొందరన్నారు. సినిమాని సమర్థించేవాళ్లకి ఇది మంచి ఆయుధం అయింది. మీలో మీకే కుదరనప్పుడు అది సినిమాలో ఉన్నట్టా, మీ కళ్లలో ఉన్నట్టా అని అడిగారు.

ఇది న్యాయమైన ప్రశ్న. ఏ పాత్రలోనైనా వెతికితే ఏదో ఒక పోలిక దొరుకుతుంది, దొరికిన ప్రతి పోలికా సాక్ష్యం కాదు. కాకపోతే ఈ రెండు మూసలూ పాశ్చాత్య బొమ్మల్లో పక్కపక్కనే పెరిగాయి. వంకీ ముక్కు, బేరాల పిచ్చి రెండింటికీ ఉమ్మడి సరుకు. కాబట్టి చూసినవాళ్ల జవాబులు వేరైనంత మాత్రాన వాళ్లు చూసింది లేనిదైపోదు. నా అంచనాలో మూడు ఆరోపణల్లోనూ జార్ జార్ మీదది బలమైనది. వాటో మీదది మొదటి సినిమా వరకు వాదించదగ్గది. 2002లో వచ్చిన తర్వాతి భాగంలో మాత్రం వాటో గడ్డంతో, సంప్రదాయ యూదుల టోపీని తలపించే గుండ్రటి నల్ల టోపీతో కనిపించాడు. మూడేళ్ల పాటు ఆ విమర్శ విన్న తర్వాత కూడా ఆ టోపీ ఎలా పెట్టారో సమర్థించడం కష్టం.

విమర్శకుల వైపు జరిగిన పెద్ద నష్టం ఇంకొకటి. జార్ జార్ మీద అప్పుడు రెండు వేరువేరు కోపాలున్నాయి. పాత అభిమానులకి ఆ పాత్ర చిరాకు తెప్పించింది, దాన్ని చంపేయాలని ఇంటర్నెట్‌లో ప్రచారం మొదలుపెట్టారు. జాతి మూస గురించి రాసినవాళ్ల బాధ అది కాదు. కానీ రెండూ కలిసిపోయాయి. లూకస్ కూడా ఆ రెండిటినీ ఒకే మూటగా కట్టి, ఇంటర్నెట్‌లో పుట్టిన గొడవని పత్రికలు ఎత్తుకున్నాయని తోసేశారు. ఆ కోపాలన్నీ వెళ్లి పడింది మాత్రం ఒక నల్లజాతి నటుడి మీద. విడుదల నాటికి ఆమెద్ బెస్ట్‌కి పాతికేళ్లు. ఆ రోజుల్లో తాను ఆత్మహత్య అంచుకి వెళ్లానని 2018లో ఆయన బయటపెట్టారు. జాతి గౌరవం కోసం మొదలైన మాట ఇలా ఒక నల్లజాతి కళాకారుణ్ణి నలిపేసింది. విమర్శ చేసేవాళ్లు పాత్రనీ, దాని వెనక నిర్ణయాలు తీసుకున్నవాళ్లనీ, ఆ పాత్ర వేసిన మనిషినీ విడివిడిగా చూడాలని ఇంతకన్నా గట్టిగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు. 2019లో షికాగోలో జరిగిన అభిమానుల వేడుకలో జనం లేచి నిలబడి ఆయనకి చప్పట్లు కొట్టారు. 2023లో స్టార్ వార్స్ లోకంలోనే నడిచే ‘ది మాండలోరియన్’ సిరీస్‌లో ఆయన తన సొంత మొహంతో, పసివాణ్ణి కాపాడే జెడై వీరుడిగా కనిపించారు.

పదేళ్ల తర్వాత అదే జవాబు, తర్వాత వేరే జవాబులు

2009లో ‘ట్రాన్స్‌ఫార్మర్స్’ రెండో భాగంలో స్కిడ్స్, మడ్‌ఫ్లాప్ అని రెండు రోబోలు వచ్చాయి. ఒకదానికి బంగారు పన్ను. రెండూ నల్లజాతి యువకుల వీధి భాషని అనుకరిస్తూ మాట్లాడతాయి. చదవడం తమకి పెద్దగా రాదంటాయి. విమర్శలొచ్చినప్పుడు దర్శకుడు మైకేల్ బే, అవి రోబోలు, పిల్లల సరదా కోసం పెట్టాం అన్నారు. నారింజ ఉభయచరం స్థానంలో రోబో వచ్చింది, జవాబు మారలేదు. కానీ రచయితలు రొబెర్టో ఓర్చి, అలెక్స్ కర్ట్‌జ్‌మన్ వేరేలా మాట్లాడారు. దీన్ని సమర్థించబోవడం తెలివితక్కువ పని, నొచ్చుకోవడం ప్రేక్షకుల హక్కు, తెరమీద చూసి మేమూ ఆశ్చర్యపోయాం అన్నారు. పెద్ద సినిమాలో ఒక పాత్ర ఎన్ని చేతులు మారి తయారవుతుందో ఆ జవాబు వల్ల తెలిసింది. కాగితం మీద లేనిది డబ్బింగ్ గదిలో పుట్టవచ్చు.

సైన్స్ ఫిక్షన్ కాకపోయినా ఇక్కడ చెప్పుకోవాల్సిన వివాదం ఇంకొకటి ఉంది, దాన్ని లేవనెత్తినది తెలుగు కుటుంబంలో పుట్టిన మనిషి. ‘ది సింప్సన్స్’ కార్టూన్‌లో అపు అనే భారతీయ దుకాణదారుడికి హ్యాంక్ అజారియా అనే తెల్ల నటుడు వెక్కిరింపు యాసతో గొంతు ఇచ్చేవారు. న్యూయార్క్‌లో పెరిగిన హాస్యనటుడు హరి కొండబోలు 2017లో దాని మీద డాక్యుమెంటరీ తీశారు. స్కూల్లో భారతీయ పిల్లలని ఏడిపించడానికి ఆ గొంతునే వాడేవారన్నది ఆయన ఫిర్యాదు. మరుసటి ఏడాది ఆ కార్యక్రమం ఒక పాత్ర చేత, ఒకప్పుడు అందరూ మెచ్చుకున్నది ఇప్పుడు తప్పయిపోయింది, ఏం చేస్తాం అనిపించి ఊరుకుంది. అజారియా మాత్రం ఆగి విన్నారు. 2020లో ఆ పాత్రకి గొంతు ఇవ్వనని చెప్పారు, 2021లో క్షమాపణ చెప్పారు. తన కొడుకు చదివే బడిలో ఒక భారతీయ కుర్రాడు, ఆ కార్టూన్ ఒక్కసారి కూడా చూడనివాడు, అపు అంటే తనకి ఏమిటో కళ్లనీళ్లతో చెప్పాడట. మూస సినిమా దాటి ఎంత దూరం వెళ్తుందో ఆయనకి అక్కడ అర్థమైంది.

లూకస్ స్పందన మాటల్లో కాక కత్తెరలో కనిపించింది. 2002 నాటి భాగంలో జార్ జార్ పాత్ర బాగా చిన్నదైంది, 2005 నాటి భాగంలో దాదాపు మూగదైంది. ఎందుకని ఆ పాత్రని పక్కకి తప్పించారో విమర్శకులకి తెలియలేదు, అభిమానులకీ తెలియలేదు. ఇద్దరూ తామే గెలిచామనుకోవచ్చు. నిశ్శబ్దంగా చేసిన మార్పుతో వచ్చే ఇబ్బంది ఇదే, దాని నుంచి తర్వాతివాళ్లు నేర్చుకోవడానికి ఏమీ మిగలదు.

జేమ్స్ కామెరూన్ దారి ఇందుకు భిన్నం. 2009లో ‘అవతార్’ వచ్చినప్పుడు, ఆదివాసులని కాపాడడానికి ఒక తెల్ల మనిషే రావాలా అన్న విమర్శకి ఆయన తన సినిమా సందేశం గుర్తుచేశారు. మనకన్నా భిన్నమైనవాళ్లని గౌరవించమనే కథ ఇది అన్నారు. 2022లో రెండో భాగం వచ్చినప్పుడు అమెరికా మూలవాసుల్లో కొందరు బహిష్కరణకి పిలుపిచ్చారు. అప్పుడు ఆయన మాట మారింది. చరిత్రలో దెబ్బతిన్నవాళ్లకి మీరు పొరపడ్డారని చెప్పే హక్కు తనకి లేదనీ, నా ఉద్దేశం అది కాదు అనడంలో అర్థం లేదనీ అన్నారు. లూకస్ 1999లో ఎక్కడ నిలబడ్డారో సరిగ్గా దానికి ఎదురుగా ఉంది ఈ మాట.

కానీ బహిష్కరణ కోరినవాళ్ల ప్రశ్నల్లో ముఖ్యమైనది మాటల గురించి కాదు. మా సంస్కృతుల నుంచి సరుకు తీసుకున్నప్పుడు వేషాలు ఎవరికి ఇచ్చారు అని. రెండో భాగంలోని సముద్ర తెగ మీద పాలినేషియా సంస్కృతుల ప్రభావం స్పష్టంగా ఉంది. ఆ తెగ నాయకుడిగా మావోరీ నటుడు క్లిఫ్ కర్టిస్ నటించారు. నాయకుడి భార్యగా, ఆ తెగకి ఆధ్యాత్మిక పెద్దగా నటించింది ఇంగ్లండ్‌కి చెందిన కేట్ విన్స్‌లెట్.